లైవ్‌కు 85,000 హిట్లు, సగటున వింటున్నది 140 మంది.. రెండూ నిజమే ఎలా అవుతాయి?

ఆకాశవాణి రైతు కార్యక్రమం, అసెంబ్లీ సమావేశాలు, కోర్టు విచారణ, తిరుమల శ్రీవారి సేవలు.. ఇప్పుడు అన్నీ ఫోన్‌లోనే లైవ్. ప్రసారం ముగియగానే ‘ఇన్ని లక్షల మంది చూశారు’ అంటూ ఒక అంకె బయటకు వస్తుంది.

ఆ అంకె చూసి మనం వావ్ అనుకుంటాం, లేదంటే పెదవి విరుస్తాం. కానీ ఆఫీసుల్లో దాన్ని బట్టే నిర్ణయాలు జరుగుతాయి. ఏ కార్యక్రమం ఉంచాలి, దేన్ని తీసేయాలి, ఏ ప్రాంతీయ కేంద్రానికి ఎంత ఖర్చు పెట్టాలి అనే చర్చ వచ్చినప్పుడు టేబుల్ మీద ఉండేది ఆ అంకెలే.

మీరు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉండి, మీ అమ్మానాన్నలు కర్నూలు జిల్లా కోసిగి లాంటి చోట ఉంటే ఈ లెక్క మీకు నేరుగా సంబంధించినదే. వాళ్లు వింటున్నా, ఆ వినడం కోసిగి పేరు మీద నమోదు కాకపోవచ్చు. కొన్నిసార్లు అసలు నమోదే కాకపోవచ్చు.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి? వాటిని ఎలా చదవాలి?

లాగ్ అంటే ఏమిటి?

మీరు యాప్‌లో ప్లే బటన్ నొక్కగానే మీ ఫోన్ దూరంగా ఉన్న ఒక సర్వర్‌ను ‘ఈ ముక్క పంపు’ అని అడుగుతుంది. సర్వర్ పంపిస్తుంది. పంపినట్టు తన దగ్గర ఒక లైను రాసుకుంటుంది. అలా రాసుకున్న లైన్ల ఫైలునే లాగ్ అంటారు.

కిరాణా కొట్టులో చిట్టా ఉంటుంది కదా, అలాంటిదే ఇది. ఎవరు వచ్చారు, ఏం తీసుకున్నారు, ఎన్ని గంటలకు తీసుకున్నారు అన్నది వచ్చిన వరుసలో రాసి ఉంటుంది. నెలాఖరున చిట్టా చూసి ఆవర్జా కట్టినట్టే, లాగ్‌ను కూడి, తీసి, వడగట్టి ‘శ్రోతల సంఖ్య’ తయారు చేస్తారు. చిట్టాలో తప్పు తక్కువ. తేడాలన్నీ ఆవర్జా కట్టే పద్ధతిలో వస్తాయి.

లాగ్‌లోని ఒక్కో లైనులో సాధారణంగా కనిపించేవి ఇవి: అడిగిన ఫోన్ లేదా నెట్‌వర్క్ ఐపీ అడ్రస్, తేదీ, సమయం, అడిగిన ఫైలు పేరు, పంపిన డేటా ఎంత, పని జరిగిందా లేదా అని చెప్పే కోడ్, వాడిన యాప్ లేదా బ్రౌజర్ వివరం. 200 అనే కోడ్ ఉంటే సరిగ్గా అందినట్టు. 404 ఉంటే అడిగినది అక్కడ లేదని. 503 ఉంటే ఆ క్షణంలో సర్వర్ సేవ అందించలేకపోయిందని.

ఇందులో మీ పేరు ఉండదు. మీ వయసు ఉండదు. మీరు విన్నారా, ఫోన్ పక్కన పెట్టి వంట చేసుకున్నారా అన్నది ఉండదు. ‘ఇంత డేటా పంపాం’ అన్నది మాత్రమే ఉంటుంది.

రెండు రకాల స్ట్రీమింగ్, రెండు రకాల లాగ్‌లు

ఇంటర్నెట్ రేడియోలు చాలాకాలంగా వాడుతున్న ఐస్‌కాస్ట్ లాంటి సర్వర్లలో ప్లే నొక్కినప్పుడు ఒక కనెక్షన్ మొదలవుతుంది. ఆపేదాకా అదే కొనసాగుతుంది. ఆపాక లాగ్‌లో ఒక్క లైను పడుతుంది. ఎన్ని సెకన్లు విన్నదీ ఆ లైను చివర్లో ఉంటుంది. లెక్క సులువు.

స్మార్ట్‌ఫోన్ యాప్‌లు ఎక్కువగా వాడేది వేరే పద్ధతి. 2009లో యాపిల్ తెచ్చిన హెచ్ఎల్ఎస్ దీనికి మంచి ఉదాహరణ. ఇందులో ప్రసారాన్ని కొన్ని సెకన్ల చిన్న ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్క 6 సెకన్లు ఉండాలన్నది యాపిల్ సిఫార్సు. ఫోన్ ఒక ముక్క తర్వాత మరో ముక్క అడుగుతూ పోతుంది. అంటే ఒక్క నిమిషం వింటే 10 లైన్లు. గంట వింటే 600 లైన్లు. తర్వాత ఏ ముక్కలు ఉన్నాయో చెప్పే జాబితా ఫైలును కూడా ఫోన్ మళ్లీ మళ్లీ అడుగుతుంది కాబట్టి నిజానికి లైన్లు ఇంకా ఎక్కువే.

ఈ లైన్లను ఒక్కొక్కటిగా లెక్కపెడితే వచ్చేదే ‘హిట్లు’. ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చిన పత్తి బస్తాలను లెక్కపెట్టి ‘ఇంతమంది రైతులు వచ్చారు’ అంటే ఎలా ఉంటుందో, హిట్లు చూపించి ‘ఇంతమంది శ్రోతలు’ అనడం అలా ఉంటుంది.

ఒకే గంట కార్యక్రమం, ఆరు అంకెలు

లెక్క అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. రాత్రి 7 నుంచి 8 గంటల దాకా ఒక రైతు కార్యక్రమం లైవ్‌లో వచ్చింది. వేరుశనగ తెగుళ్ల మీద శాస్త్రవేత్తతో మాట. మర్నాడు లాగ్ తీశారు.

మొదట కనిపించేది ముక్కల కోసం వచ్చిన అభ్యర్థనలు: 85,000. ఇవి హిట్లు.

ఒకే ఫోన్ నుంచి వరుసగా వచ్చిన లైన్లను కలిపి కట్టలు కట్టారు. 1,000 కట్టలు వచ్చాయి. ఒక్కో కట్టను సెషన్ అంటారు. ప్లే మొదలైన ప్రతిసారీ ఒక సెషన్.

వాటిలో 300 సెషన్లు నిమిషం కూడా నిలవలేదు. సగటున 20 సెకన్లే. పొరపాటున నొక్కినవి, నెట్ తెగిపోయినవి, ‘ఇది కాదు’ అని వెళ్లిపోయినవి అన్నీ అందులో ఉంటాయి. వాటిని తీసేస్తే మిగిలినవి 700 సెషన్లు. ఇవి సగటున 12 నిమిషాలు నడిచాయి.

ఈ 700 సెషన్లు ఎన్ని వేర్వేరు ఫోన్ల నుంచి వచ్చాయో చూస్తే 480 తేలింది. కొందరు రెండుసార్లు, మూడుసార్లు వచ్చి పోయారన్నమాట. వీటిని యూనిక్ శ్రోతలు అంటారు.

700 సెషన్లు, ఒక్కోటి 12 నిమిషాలు. మొత్తం 8,400 నిమిషాలు. అంటే 140 గంటలు. దీన్ని మొత్తం శ్రవణ గంటలు అనవచ్చు.

కార్యక్రమం నడిచింది ఒక గంట. 140 గంటలను ఒక గంటతో భాగిస్తే 140. అంటే ఆ గంటలో ఏ నిమిషం తీసుకున్నా సగటున 140 మంది వింటూ ఉన్నారు. అందరికంటే ఎక్కువమంది ఉన్న క్షణం 7 గంటల 20 నిమిషాలు. అప్పుడు 210 మంది ఉన్నారనుకుందాం. అది పీక్.

ఇప్పుడు చూడండి. 85,000 హిట్లు. 1,000 ప్లేలు. 700 సెషన్లు. 480 యూనిక్ శ్రోతలు. పీక్ 210. సగటు 140. ఆరూ నిజమే. ఆరూ ఒకే కార్యక్రమానివే. గొప్పగా చెప్పుకోవాలనుకునేవారు మొదటిది చెబుతారు. కార్యక్రమం ఎత్తేయాలనుకునేవారు చివరిది చూపిస్తారు.

అందుకే అంకె పక్కన ‘దేని లెక్క’ అన్న మాట లేకపోతే ఆ అంకెకు విలువ లేదు.

సెషన్ లెక్క కూడా మారుతుందా?

మారుతుంది. మధ్యలో నెట్ పోయి 2 నిమిషాల తర్వాత మళ్లీ కలిసిందనుకోండి. అది పాత సెషనా, కొత్తదా? అర నిమిషం విరామం దాటితే కొత్త సెషన్ అని నియమం పెట్టుకుంటే రెండు సెషన్లు. 5 నిమిషాల దాకా ఆగుతామంటే ఒకటే. నియమం మారితే అదే లాగ్ నుంచి వేరే అంకె వస్తుంది. శ్రోత మాత్రం ఒక్కరే.

అయితే శ్రవణ గంటలు ఈ నియమంతో పెద్దగా మారవు. రెండు కట్టలుగా కట్టినా, ఒకే కట్టగా కట్టినా విన్న నిమిషాలు అవే. పాతవాటితో పోల్చి చూడటానికి గంటల లెక్క ఎక్కువ నమ్మకంగా ఉండటానికి కారణం ఇదే.

యూనిక్‌లతో ఇంకో ఇబ్బంది ఉంది. వాటిని కూడకూడదు. రోజుకు 480 మంది చొప్పున 30 రోజులు వింటే, కూడితే 14,400 వస్తుంది. కానీ రోజూ వచ్చేది ఆ 480 మందే అయితే నెల మొత్తానికి శ్రోతలు 480 మందే. ‘నెలలో 14 వేల మంది విన్నారు’ అన్న ప్రకటన చూసినప్పుడు ఆ అంకె రోజుల వారీగా కూడినదా, నెలకు విడిగా లెక్కించినదా అన్నది మొదట అడగాల్సిన ప్రశ్న.

‘వ్యూ’కు ఒక్కో చోట ఒక్కో అర్థం

పెద్ద సంస్థలు కూడా ఈ నియమాలను మారుస్తూ వచ్చాయి. నెట్‌ఫ్లిక్స్ ఒకప్పుడు సినిమాలో లేదా ఎపిసోడ్‌లో 70 శాతం చూస్తేనే చూసినట్టు లెక్కించేది. తర్వాత 2 నిమిషాలు చూస్తే చాలంది. 2021లో చూసిన గంటల లెక్కకు మారింది. 2023 జూన్ నుంచి మొత్తం చూసిన గంటలను ఆ సినిమా నిడివితో భాగించి వచ్చినదాన్ని ‘వ్యూస్’ అంటోంది.

యూట్యూబ్ షార్ట్స్‌లో 2025 మార్చి 31 నుంచి వీడియో మొదలైతే చాలు, మళ్లీ మొదలైనా సరే, వ్యూ కింద లెక్క. కనీసం ఇన్ని సెకన్లు చూడాలన్న నియమం లేదు. అంటే ఆ తేదీకి ముందు వచ్చిన వ్యూస్‌ను, తర్వాతి వ్యూస్‌ను నేరుగా పోల్చడం కుదరదు.

పాడ్‌కాస్ట్‌లకు ఐఏబీ అనే డిజిటల్ ప్రకటనల సంస్థ పెట్టిన కొలత వేరు. కనీసం ఒక నిమిషం ఆడియోకు సరిపడా డేటా వెళ్తేనే ఒక డౌన్‌లోడ్. ఒకే ఐపీ, ఒకే యాప్ నుంచి 24 గంటల్లో అదే ఎపిసోడ్‌ను ఎన్నిసార్లు అడిగినా ఒకటే.

కాబట్టి ఒక ప్రభుత్వ చానల్ యూట్యూబ్‌లో తెచ్చుకున్న వ్యూస్‌ను, సొంత యాప్‌లో వచ్చిన సెషన్లను కలిపి ఒకే అంకెగా చెబితే అది కిలోలను, లీటర్లను కూడినట్టు.

పీక్ అంకె చెప్పేది ఏమిటి?

శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 ల్యాండర్ 2023 ఆగస్టు 23న చంద్రుడిపై దిగినప్పుడు ఇస్రో యూట్యూబ్ లైవ్‌ను ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. అదే ఏడాది ఐపీఎల్ ఫైనల్‌కు జియో సినిమాలో ఒకేసారి 3.2 కోట్ల మంది, నవంబర్ 19న ప్రపంచకప్ ఫైనల్‌కు హాట్‌స్టార్‌లో 5.9 కోట్ల మంది ఉన్నట్టు ఆ సంస్థలు ప్రకటించాయి.

ఇవి పీక్ అంకెలు. ఒకే క్షణంలో గరిష్ఠంగా ఎంతమంది ఉన్నారన్నదే ఇవి చెబుతాయి. మొత్తం చూసినవారు అంతకంటే చాలా ఎక్కువ ఉండొచ్చు. సగటున ఉన్నవారు అంతకంటే తక్కువ ఉంటారు.

పీక్ అంకె అసలు ఉపయోగం ఇంజినీర్లకు. సర్వర్ ఎంత బరువు మోయాలో, ఎంత బ్యాండ్‌విడ్త్ కొనాలో అది చెబుతుంది. సెలవు రోజు రైలుకు ఎన్ని బోగీలు తగిలించాలో చెప్పే లెక్క లాంటిది. ఏడాది పొడవునా ఆ రైలు ఎంతమందికి పనికొచ్చిందో అది చెప్పదు.

చంద్రుడిపై దిగే 15 నిమిషాలకు పీక్ సరైన కొలతే. రోజూ వచ్చే వ్యవసాయ కార్యక్రమానికి అది సరైన కొలత కాదు.

కోసిగిలో విన్నా వేరే ఊరి ఖాతాలోకి ఎందుకు?

కోసిగి కర్నూలు జిల్లాలో మండల కేంద్రం. ఆదోని రెవెన్యూ డివిజన్, మంత్రాలయం నియోజకవర్గం. ఆదోని, మంత్రాలయం రోడ్డు స్టేషన్ల మధ్య రైలు ఆగే ఊరు. పంటలు వానను నమ్ముకున్నవి. పనులు లేని కాలంలో ఇక్కడి కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు, బెంగళూరు, హైదరాబాద్ నగరాల్లో భవన నిర్మాణ పనులకు వలస వెళ్తుంటాయి.

ఇలాంటి ఊరి శ్రోత లాగ్‌లో ఎలా కనిపిస్తారో చూద్దాం.

లాగ్‌లో ఊరి పేరు ఉండదు. ఐపీ అడ్రస్ ఉంటుంది. ఆ అడ్రస్ ఏ ప్రాంతానిదో చెప్పే డేటాబేస్‌లు వేరుగా ఉంటాయి. ఇంటికి వైర్‌తో వచ్చే బ్రాడ్‌బ్యాండ్‌కు ఈ అంచనా కొంతవరకు సరిపోతుంది. మొబైల్ డేటాకు అంతగా సరిపోదు. ఎందుకంటే మొబైల్ కంపెనీలు చాలా జిల్లాల ట్రాఫిక్‌ను ఏదో ఒక పెద్ద నగరంలోని గేట్‌వే ద్వారా ఇంటర్నెట్‌లోకి పంపుతాయి. డేటాబేస్‌కు కనిపించేది ఆ నగరమే. అలా కోసిగిలో పొలం గట్టున కూర్చుని విన్న రైతు హైదరాబాద్ శ్రోతగానో, చెన్నై శ్రోతగానో నమోదయ్యే అవకాశం ఉంది.

ఆకాశవాణికి చెందిన 240కి పైగా సర్వీసులను ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్‌లో లైవ్‌గా ఇస్తున్నట్టు ప్రసార భారతి చెప్పింది. 2021లో ఆ లైవ్ స్ట్రీమ్‌లకు నగరాల వారీగా, కేంద్రాల వారీగా ర్యాంకులు కూడా విడుదల చేసేది. పుణె, బెంగళూరు, హైదరాబాద్ లాంటి నగరాలు ఆ జాబితాల్లో పైన ఉండేవి. ర్యాంకు ఎవరు ముందున్నారో చెబుతుంది. ఎంత తేడాతో ముందున్నారో చెప్పదు. ఇలాంటి ఏ నగరాల జాబితానైనా చదివేటప్పుడు, ఐపీతో ఊరిని పట్టే పద్ధతిలో పెద్ద నగరాల వాటా సహజంగానే పెరుగుతుందని గుర్తుపెట్టుకోవాలి.

పేర్ల గందరగోళం ఇంకొకటి. తెలంగాణలో నారాయణపేట జిల్లాలో కోస్గి ఉంది. కర్నూలు జిల్లా కోసిగి రైల్వే స్టేషన్‌ను ఇంగ్లిష్‌లో రాసినప్పుడు రెండింటికీ స్పెల్లింగ్ ఒకటే. ఊరి పేరును బట్టి మాత్రమే కూడితే రెండు రాష్ట్రాల శ్రోతలు ఒకే గడిలో పడతారు.

వలస వెళ్లిన కుటుంబం సంగతి మరోలా ఉంటుంది. ఊళ్లో ఉన్నప్పుడు విన్న కర్నూలు కార్యక్రమాన్నే గుంటూరు జిల్లాలో మిరప తోట పక్కన గుడారంలో వింటారు. లాగ్‌కు అది ‘సీమలో శ్రోతలు తగ్గారు, కోస్తాలో పెరిగారు’ అన్నట్టు కనిపిస్తుంది. తగ్గింది శ్రోతలు కాదు, ఊళ్లో మనుషులు.

ఒక ఐపీ వెనక ఎంతమంది?

ఐపీ అడ్రస్ అంటే ఒక మనిషి కాదు. పాత తరహా ఐపీ అడ్రస్‌లు చాలినన్ని లేకపోవడంతో మొబైల్ కంపెనీలు ఒకే అడ్రస్‌ను చాలా ఫోన్లకు పంచుతాయి. అప్పుడు ఒకే యాప్, ఒకే రకం ఫోన్ వాడే పదిమంది లాగ్‌లో ఒక్కరిగా కలిసిపోవచ్చు. లెక్క తగ్గుతుంది.

దీనికి ఎదురు కూడా జరుగుతుంది. మీరు ఇంట్లో వైఫైతో మొదలుపెట్టి, బయటకు వచ్చి మొబైల్ డేటాకు మారితే అడ్రస్ మారుతుంది. మీరొక్కరే ఇద్దరవుతారు. లెక్క పెరుగుతుంది.

ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి సరిగ్గా కొట్టేసుకుంటాయన్న హామీ లేదు. ఒకే ఫోన్ మీద ఆధారపడే పల్లెల్లో ఒకరకంగా, వైఫై, ఆఫీసు నెట్, మొబైల్ డేటా మూడూ మార్చి వాడే నగరాల్లో మరోరకంగా ఉంటాయి. మొత్తం మీద నగర శ్రోత ఎక్కువగా, పల్లె శ్రోత తక్కువగా కనిపించే వీలుంది.

సిగ్నల్ బాగాలేకపోతే ప్లేలు పెరుగుతాయా?

వినడానికి వింతగా ఉన్నా, పెరుగుతాయి. సిగ్నల్ బాగున్న చోట ఒకసారి నొక్కితే గంట సేపు నడుస్తుంది. అది ఒక ప్లే. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట స్ట్రీమ్ తెగుతుంది, మళ్లీ నొక్కుతారు, మళ్లీ తెగుతుంది. ఆరుసార్లు ప్రయత్నించి విసిగి వదిలేసిన మనిషి లాగ్‌లో ఆరు ప్లేలు. ప్లేలు మాత్రమే చూసే ఆఫీసుకు అది విజయంలా కనిపిస్తుంది.

మన ఉదాహరణలో తీసేసిన 300 చిన్న సెషన్లు గుర్తున్నాయా? శ్రోతల లెక్క కోసం వాటిని పక్కన పెట్టడం సరైనదే. కానీ చెత్తబుట్టలో వేయకూడదు. సేవ ఎక్కడ అందడం లేదో చెప్పే సాక్ష్యం అందులోనే ఉంటుంది. ఒకే ఫోన్ నుంచి వెంటవెంటనే వచ్చిన చిన్న సెషన్లు, మధ్యలో తప్పిపోయిన ముక్కలు, 503 లాంటి కోడ్‌లు.. ఇవన్నీ కలిపి చూస్తే ఆసక్తి లేక వెళ్లిపోయినవారు ఎవరో, వినాలని ఉన్నా వినలేకపోయినవారు ఎవరో కొంతవరకు విడదీయవచ్చు. తక్కువ డేటాతో నడిచే స్ట్రీమ్ ఒకటి అదనంగా ఇస్తే చాలు, రెండో రకం వారిలో చాలామంది నిలుస్తారు.

ఇక సిగ్నల్ అసలే లేకపోతే అభ్యర్థన సర్వర్ దాకా రాదు. లాగ్‌లో ఒక్క లైను కూడా పడదు.

మనుషులు కాని శ్రోతలు

స్ట్రీమ్ నడుస్తోందా లేదా అని చూసేందుకు పెట్టిన సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్లను తడిమే బాట్లు, రాత్రి మూసేటప్పుడు ఆపడం మర్చిపోయిన దుకాణం ఫోన్.. ఇవి కూడా లాగ్‌లో శ్రోతలే.

రోజంతా ఆగకుండా నడిచే ఒక్క కనెక్షన్ 30 రోజుల్లో 720 గంటలు చేరుస్తుంది. రోజుకు ఒకరు చొప్పున కాదు, ఏకంగా 2,160 మంది తలా 20 నిమిషాలు విన్నదానికి అది సమానం. అందుకే గంటల కొద్దీ కదలకుండా ఉన్న సెషన్లను వడగట్టకుండా ఇచ్చిన శ్రవణ గంటలను అనుమానంగానే చూడాలి. సగటుతో పాటు మధ్యస్థ విలువ, అంటే వరుసలో సరిగ్గా మధ్యనున్న శ్రోత ఎంతసేపు విన్నారో కూడా ఇస్తే ఇలాంటి మాయ బయటపడుతుంది.

లాగ్‌లో ఎప్పటికీ కనిపించనివారు

టీవీ రేటింగ్‌ల కోసం బార్క్ సంస్థ ఎంపిక చేసిన ఇళ్లలో మీటర్లు పెట్టి, వాటి నుంచి దేశం మొత్తానికి అంచనా వేస్తుంది. అది నమూనా. లాగ్ అలా కాదు, సర్వర్ దగ్గరకు వచ్చిన ప్రతి అభ్యర్థననూ రాస్తుంది. అందుకే లాగ్ అంకె పక్కాగా అనిపిస్తుంది. నిజానికి అది స్ట్రీమ్‌కు మాత్రమే పక్కా.

కడప ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. కర్నూలు, అనంతపురంలోనూ ఆకాశవాణి కేంద్రాలు ఉన్నాయి. ట్రాన్స్‌మిటర్ నుంచి గాలిలో వచ్చే ప్రసారాన్ని రేడియో సెట్‌లో వినేవారు ఏ సర్వర్‌కూ తెలియదు. వారికి డేటా ప్యాక్ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. లాగ్‌లో వారి లైనూ ఉండదు.

‘స్ట్రీమ్‌కు ఎలాగూ వినేవాళ్లు లేరు, ట్రాన్స్‌మిటర్ ఎందుకు’ అన్న వాదన వస్తే, అది ఎవరి మాట వినకుండా చేసిన వాదనో గమనించండి. ట్రాన్స్‌మిటర్ ఆగితే నష్టపోయేది ఆ లెక్కలో లేనివారే.

కలిసి వినేవారు కూడా అంతే. టీ అంగడిలో ఒక ఫోన్ స్పీకర్ చుట్టూ పదిమంది ఉంటే లాగ్‌కు ఒకరే. అక్షరాస్యత తక్కువగా ఉండి, యాప్ తెరిచి పెట్టడానికి ఇంట్లో చదువుకున్న పిల్లల మీద ఆధారపడే మండలాల్లో ఈ తేడా చిన్నది కాదు. అదే సమయంలో నగరంలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేవారు తలకొక లైను చొప్పున పూర్తిగా లెక్కలోకి వస్తారు.

ప్రసార భారతి చట్టం, 1990లో ఆ సంస్థ లక్ష్యాలను చెబుతూ విద్య, అక్షరాస్యత, వ్యవసాయం, గ్రామీణాభివృద్ధి లాంటి రంగాలపై ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని రాశారు. ఎక్కువ మంది చూసేదే పెట్టాలని రాయలేదు. కాబట్టి ప్రజా ప్రసారానికి ‘ఎంతమంది’తో పాటు ‘ఎవరు’ అన్నదీ కొలతే.

మరి ఏ అంకెను చూడాలి?

ఒక్కటి చూస్తే చాలదు. నాలుగు కలిపి చూడండి.

మొత్తం శ్రవణ గంటలు: సేవ ఎంత వాడుకున్నారో చెబుతుంది. నెలతో నెలను పోల్చడానికి మంచిది.

యూనిక్ శ్రోతలు: ఎంత విస్తృతంగా చేరిందో సుమారుగా చెబుతుంది. అంచనా అన్న మాట మరవకూడదు.

ఒక్కో శ్రోత విన్న సమయం: మన ఉదాహరణలో 8,400 నిమిషాలను 480తో భాగిస్తే 17న్నర నిమిషాలు. గంట కార్యక్రమంలో అంతసేపు నిలిచారంటే కార్యక్రమం గురించి అది చాలా చెబుతుంది. లక్ష వ్యూస్ వచ్చి తలా 8 సెకన్లు చూసిన వీడియో కంటే ఇది రైతుకు ఎక్కువ పనికొచ్చి ఉండొచ్చు.

విఫలమైన ప్రయత్నాలు: అందని చోటును చూపిస్తుంది. ప్రకటనల్లో ఎక్కడా కనిపించనిది, ప్రజా సేవకు అన్నిటికంటే అవసరమైనదీ ఇదే.

మీరు అడగవచ్చా?

అడగవచ్చు. ప్రసార భారతి సమాచార హక్కు చట్టం, 2005 పరిధిలోకి వచ్చే సంస్థ. కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా ఫోన్ నుంచే దరఖాస్తు చేయవచ్చు. రుసుము 10 రూపాయలు. దారిద్య్ర రేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. 30 రోజుల్లో సమాధానం రావాలి. రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా 30 రోజుల్లోగా మొదటి అప్పీలు చేసుకోవచ్చు.

‘మీకు ఎంతమంది శ్రోతలు ఉన్నారు?’ అని అడిగితే ఏదో ఒక అంకె వస్తుంది. దానికి బదులు ఇలా అడగండి:

– ఫలానా కేంద్రం స్ట్రీమ్‌కు గత 12 నెలల్లో నెలవారీగా మొత్తం శ్రవణ గంటలు ఎన్ని?

– సెషన్‌గా లెక్కించడానికి కనీస సమయం ఎంతగా పెట్టుకున్నారు?

– యూనిక్ శ్రోతలను ఏ పద్ధతిలో గుర్తిస్తున్నారు? బాట్లను తీసేస్తున్నారా?

– ఊరు లేదా జిల్లాను దేన్ని బట్టి నిర్ణయిస్తున్నారు?

– ఈ అంకెల ఆధారంగా ఏ కార్యక్రమం వేళలనైనా మార్చారా, తగ్గించారా?

ఒక జాగ్రత్త. ఆర్టీఐ కింద ఆఫీసు దగ్గర ఇప్పటికే ఉన్న సమాచారం ఇస్తారు. మీ కోసం లాగ్‌లను కొత్తగా విశ్లేషించి ఇవ్వరు. అందుకే ‘తయారైన నెలవారీ నివేదికల ప్రతులు’ అని అడగడం మేలు.

మీ వివరాల సంగతి?

లాగ్‌లో పేరు లేకపోయినా ఐపీ అడ్రస్, సమయం కలిస్తే మొబైల్ కంపెనీ దగ్గరున్న రికార్డుతో పోల్చి ఒక కనెక్షన్‌ను గుర్తించే వీలుంటుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 వచ్చాక మనిషిని గుర్తించగల సమాచారాన్ని సంస్థలు మరింత జాగ్రత్తగా చూడాల్సి ఉంటుంది. శ్రోతల లెక్కకు ఒక్కొక్కరి అడ్రస్ బయటపెట్టాల్సిన పని లేదు. కూడిన మొత్తాలు చాలు. మీ దరఖాస్తులో కూడా మొత్తాలే అడగండి.

ఇంట్లో పెద్దవాళ్ల కోసం యాప్ పెట్టి ఇచ్చేటప్పుడు ఒక చిన్న పని చేయవచ్చు. లొకేషన్ అనుమతి అవసరం లేదనుకుంటే ఇవ్వకండి. కానీ యాప్‌లో భాష, ఇష్టమైన కేంద్రం ఎంచుకునే వీలుంటే కర్నూలునో, కడపనో ఎంచుకుని ఇవ్వండి. ఐపీ ఏ నగరం పేరు చూపించినా, ఏ కేంద్రం స్ట్రీమ్ విన్నారన్నది లాగ్‌లో తప్పకుండా ఉంటుంది. కోసిగి పేరు పడకపోయినా, కోసిగి వినే కేంద్రం పేరు మీద ఆ నిమిషాలు పడతాయి. సీమ కేంద్రాల బడ్జెట్ గురించి మాట్లాడేటప్పుడు పనికొచ్చే లెక్క అదే.